మంగాయమ్మ పేరు కొట్టిన గొడుగు

నేను ఒక గొడుగును. నల్ల గుడ్డ, ఇనప కడ్డీ, వంకీ తిరిగిన చెక్క పిడి, పిడి మెడకి ఒక ఇత్తడి కట్టు. పుట్టిన దగ్గర్నుంచి ఈజిప్టులో ఆ మధ్యాహ్నం దాకా నన్ను ఎండలో ఎవరూ తెరవలేదు. కట్టినవాడు కుట్టు సరిచూసుకోవడానికి దుకాణంలో ఒకసారి తెరిచి మూశాడు. అది లెక్కలోకి రాదు. పిరమిడ్ల గురించీ రాజుల గురించీ వినాలని వచ్చినవాళ్లకి నా దగ్గర దొరికేది కొంచెమే. నేను చూసింది మూసిన గొడుగు చూసే ఈజిప్టు.

అమలాపురంలో ఒక సందులో నన్ను కట్టారు. తాతారావు వైశాఖంలో ఆ దుకాణానికి వచ్చాడు. కొబ్బరి రైతు. గడ్డం మాసి ఉంది. భార్య మంగాయమ్మ పోయింది. పిల్లలు లేరు కాబట్టి కర్మ తనే చేస్తున్నాడు. పెద్దకర్మ నాడు బ్రాహ్మడికి దానమివ్వడానికి గొడుగు కావాలన్నాడు.

"దానానికేగదండీ, పిల్ల గొడుగు చాలండి. అందరూ అదే పట్టుకెళ్తారు," అన్నాడు దుకాణదారు.

"ఎండ పిల్లదా?" అన్నాడు తాతారావు.

దుకాణదారు నన్ను దించాడు. తాతారావు నన్ను తిన్నగా ఇంటికి తీసుకుపోలేదు. పక్కనున్న స్టీలు సామాన్ల కొట్టుకి తీసుకెళ్లాడు. ఆ ప్రాంతం వాళ్లు గిన్నె కొన్నా చెంబు కొన్నా దాని మీద పేరు కొట్టించకుండా గడప దాటించరు. నా ఇత్తడి కట్టు మీద పేరు కొట్టమన్నాడు.

"ఇచ్చేసేదాని మీద పేరెందుకండీ?"

"దార్లో ఇంకోళ్లు లాక్కుంటే?"

పేరు కొట్టేవాడు నవ్వలేదు. అతని తల్లి కూడా ఆ ఏడే పోయిందట. "ఇంటిపేరు కూడా ఎయ్యమంటారా?" అని మాత్రం అడిగాడు.

"ఆవిడ పేరు సాలు. ఆవిడ గొడుగు."

అలా నా మెడ మీద మంగాయమ్మ అని పడింది.

దానం పుచ్చుకున్నది చయనులుగారు. యమపురికి వెళ్లే దారంతా కాలే ఇసుక అనీ, చెట్టన్నది ఉండదనీ, గొడుగు ఇస్తే పోయినవాళ్లకి ఆ దారిలో నీడ పడుతుందనీ చెప్పారు. చెప్పులిస్తే కాళ్లు కాలవన్నారు. మిగతా బంధువులు ఇది విని భోజనాల వైపు చూశారు. తాతారావు మాత్రం చెవి ఒగ్గి విన్నాడు. మంగాయమ్మ ఎండ పడని మనిషి. ఎండ తగిలితే తలలో ఒక పక్క పోటు పుట్టి రెండేసి పూటలు కళ్లు తెరిచేది కాదు.

"ఇది ఎప్పటికి చేరుద్దండీ?" అని అడిగాడు.

"మీరు నీళ్లు వదిలారు, అక్కడ చేరిపోయింది," అన్నారు చయనులుగారు.

నేను ఎక్కడికీ చేరలేదు. మూసి ఇచ్చారు, మూసి పుచ్చుకున్నారు. సాయంత్రానికి ఆయన అటక మీద ఉన్నాను. అక్కడ నాలాంటివి చాలా ఉన్నాయి. ఊళ్లో పోయినవాళ్లందరి నీడా ఆ అటక మీద దుమ్ము పట్టి ఉంది. వానలు మొదలైనప్పుడు మాలో ఒకరినైనా దించుతారనుకున్నాను. చయనులుగారు ప్లాస్టిక్ కోటు వేసుకుని స్కూటర్ మీద వెళ్లిపోయేవారు.

నన్ను దించింది ఆయన బావమరిది ఫణీంద్ర. యాత్రలకి మనుషులను పోగుచేసి తీసుకెళ్లడం అతని వ్యాపారం. జనం తప్పిపోకుండా ఎత్తిపట్టుకోవడానికి పొడుగ్గా ఏదైనా కావలసి వచ్చింది. నా కమ్ములు రెపరెపలాడకుండా చుట్టూ బైండింగు తీగ బిగించాడు. కొనకి పసుపు గుడ్డ కట్టాడు. ఇత్తడి కట్టు మీద పేరు చూసి, యాత్రకి పోతూ పోయినావిడ పేరేమిటని, దాని మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టేశాడు. అంతే, నేను జెండా అయ్యాను. కాశీ వెళ్లాను. అక్కడ కుంభవృష్టి కురిసింది. ఫణీంద్ర నన్ను మూసినదాన్ని మూసినట్టే నెత్తి మీదికి ఎత్తిపట్టుకుని, తాను నిలువునా తడిసి, "ఇటు రండి, ఇటు రండి" అని అరిచాడు. మనుషుల తెలివి మీద నాకున్న నమ్మకం ఆ వానలో కొట్టుకుపోయింది.

తర్వాత అతను ఈజిప్టు మొదలుపెట్టాడు. తాతారావు ఇంటికి కూడా వెళ్లాడట. ఏటిసూతకంలో ఉన్నవాళ్లు గుళ్లకి వెళ్లకూడదు గానీ, ఈజిప్టు గుళ్లలో పూజలు లేవు కాబట్టి తప్పు లేదని చెప్పి ఒప్పించాడు. ఒంటరి కొంపలో గోడలు చూసుకుంటూ ఉన్న మనిషి, సరేనన్నాడు.

కైరో పక్కన గీజాలో పెద్ద పిరమిడ్ ముందు మా జట్టు దిగింది. గైడు పేరు హనాన్. చదువుకున్న పిల్ల, చెప్పేది శ్రద్ధగా చెబుతుంది. ఇంగ్లీషులో ఆమె చాలాసేపు చెప్పింది. ఆ రాళ్లు ఎక్కడినుంచి తెచ్చారో, నైలు పొంగినప్పుడు పడవల మీద ఎలా దాటించారో, రాజు శవాన్ని ఏ గదిలో పెట్టారో, పక్కనే గోతిలో ఒక పెద్ద దేవదారు పడవని ముక్కలుగా విడదీసి ఎందుకు దాచారో. పోయిన రాజు సూర్యుడితో కలిసి తిరగడానికట ఆ పడవ. ఫణీంద్ర అంతా విని, నన్ను పైకెత్తి, తెలుగులో చెప్పాడు.

"ఇది రాజుగారి సమాధండీ. చాలా పాతది. ఫొటోలు తీసుకోండి."

హనాన్ అతని వంక చూసింది. తాను చెప్పిందంతా ఆ మూడు ముక్కల్లో ఎలా పట్టిందని ఆమె ఆశ్చర్యం. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. నేను కాశీ నాటి నుంచి చూస్తున్నాను.

చెట్టు లేదు. కాలికింద ఇసుక. జనం తువ్వాళ్లు నెత్తిన వేసుకున్నారు, తెచ్చుకున్న పేపర్లు అడ్డం పెట్టుకున్నారు. అందరి మీదా నేను ఉన్నాను, మూసుకుని. గొడుగు కింద నడుస్తూ ఎండకి మాడిన జట్టు భూమ్మీద ఇంకొకటి ఉండదు. సింహం ఒళ్లూ మనిషి తలా ఉన్న ఆ పెద్ద బొమ్మ దగ్గరికి చేరేసరికి ఎండకి టేపు జిగురు కరిగింది. టేపు జారి ఫణీంద్ర వేళ్లకి అంటుకుంది. విదిలించుకుంటూ, కాసేపు పట్టుకోమని నన్ను వరహాలమ్మ చేతికిచ్చాడు.

వరహాలమ్మ కొత్తపేట ఆస్పత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. ఏది కనబడినా చదవడం ఆమె అలవాటు.

"మంగాయమ్మ. ఎవరయ్యా ఫణీంద్రా ఈ మంగాయమ్మ? మీ ఆవిడ పేరు వేరే ఏదో చెప్పావు?"

జనం నవ్వారు. తాతారావు వెనకనుంచి వచ్చాడు. నన్ను తీసుకుని కట్టు మీద బొటనవేలితో రుద్దాడు.

"ఇది మా ఆవిడ గొడుగు," అన్నాడు.

ఫణీంద్ర ముఖం కొంచెం మాడింది. "మీరు దానమిచ్చేశారు కదండీ తాతారావుగారూ. ఇచ్చింది అడక్కూడదు."

"అడగట్లేదు పంతులుగారూ. ఆవిడకి చేరిందన్నారు. ఇక్కడెందుకుందీ అంటన్నాను."

"వస్తువు చేరదండీ. ఫలం చేరుతుంది."

"ఫలం నెత్తి మీద పట్టుకుంటదా?"

ఏం జరిగిందని హనాన్ అడిగితే ఫణీంద్ర ఇంగ్లీషులో ఏదో నసిగాడు. ఆ పిల్ల తాతారావు దగ్గరికి వచ్చి కట్టు మీది అక్షరాలు చూసింది. తమ దగ్గర కూడా పోయినవాళ్ల సామాను మీద పేరు చెక్కేవారని, పేరు ఉన్నంతకాలం ఆ మనిషి ఉన్నట్టేనని, పగబట్టినవాళ్లు ముందు పేరునే చెరిపేసేవారని చెప్పింది. వరహాలమ్మ తెలుగు చేసి చెప్పింది. ఫణీంద్ర కన్నా బాగానే చేసింది.

తాతారావుకి అది వేరే రకంగా ఎక్కింది. "అయితే తెరువు," అన్నాడు ఫణీంద్రతో. "నువ్వన్నట్టు దీని ఫలమే చేరుద్దంటే, ఇది మూసుంటే అక్కడా మూసుంటది. ఇన్నాళ్లూ ఆవిడ ఎండలోనే నడుస్తంది. తెరిచి పట్టుకో."

"తెరిస్తే జెండా ఎలా అవుతుందండీ? చుట్టూ మిగతా జట్లవాళ్లు గొడుగులు తెరిచే ఉన్నారు. మనవాళ్లు ఏ గొడుగు వెనక పోతారు? ఒక్కరు తప్పిపోతే నేను వాళ్ల ఇంట్లో ఏం చెప్పాలి?"

అది కూడా నిజమే. అందుకే నాకు ఒళ్లు మండింది. తప్పు మాట అయితే ఎవరైనా ఖండించేవారు. నిజం కాబట్టి అందరూ తలలూపి బస్సెక్కారు.

మర్నాడు మ్యూజియం. నన్ను లోపలికి రానివ్వలేదు. గుమ్మం పక్క గదిలో సంచుల మధ్య పడేశారు. ఈజిప్టు వెళ్లి మ్యూజియం చూడని గొడుగుని నేను. మా వాళ్లు బయటికి వచ్చేసరికి గొడవ పడుతున్నారు. లోపల శవాలు చూపించారట. రాజులూ రాణులూ, జుట్టుతో సహా. ఒక కుర్ర రాజు సమాధిలో దొరికిన సామాను కూడానట.

"శవాన్ని చూశాక తలస్నానం చెయ్యకుండా అన్నం ఎలా తింటామయ్యా?" అంటోంది వరహాలమ్మ.

"అవి వేల ఏళ్ల నాటివండీ. ఇంకా మైలేమిటి?"

"శవానికి వయసుంటుందా? హోటలుకి పోనియ్యి బస్సు."

ఆస్పత్రిలో ఎన్ని శవాలు చూసి ఉంటుందో ఆవిడ. అయినా ఆవిడ మాటే నెగ్గింది. బస్సు వెనక్కి తిరిగింది. హనాన్ చూపిద్దామనుకున్న పాత పట్నం వీధులు ఆ స్నానాల్లో కొట్టుకుపోయాయి. ఆ పిల్ల ముందు సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంది. తన పద్ధతిలో తాను చూపిద్దామనుకున్న ఊరిని వీళ్లు చూడకుండానే వెళ్లిపోతారని ఆమెకి అర్థమైంది. ఆమె బాధ నాకు తెలుసు. పనికొచ్చేవాళ్లని తెరవనివ్వరు.

తాతారావు స్నానం ఊసెత్తలేదు. కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ అడక్కుండానే వరహాలమ్మతో అన్నాడు.

"చూసేవా చెల్లెమ్మా? ఆ కుర్ర రాజుకి చెప్పులు పెట్టారు. చేతికర్రలు పెట్టారు. మంచం, కుర్చీ, విసనకర్ర. అన్నీ అక్కడే ఉన్నాయి, అద్దాల్లో."

"అవునన్నయ్యగారూ. ఎంత బంగారమో."

"ఆడేం పట్టుకెళ్లాడు మరి?"



అక్కడినుంచి తాతారావు మాట తగ్గింది. లక్సర్ చేరాం. ఇంక ఆ రాత్రికే తిరుగు ప్రయాణమని, సామాన్లన్నీ బస్సులో వేసి, గదులు ఖాళీ చేయించి బయల్దేరదీశాడు ఫణీంద్ర. ముందు కర్ణక్ గుడి. గుమ్మం దాకా రెండు వరసల్లో పొట్టేలు తలల రాతి బొమ్మలు. వాటి మధ్య నడుస్తుండగా వరహాలమ్మ ఆగిపోయింది.

"అన్నయ్యగారు గుళ్లోకెలా వస్తారు? ఏడాది తిరగలేదుగా."

"ఇక్కడ పూజలు లేవని ఫణీంద్రగారే చెప్పారు," అన్నాడు తాతారావు.

"పూజలు లేకపోతే దేవుడు లేనట్టా? మాకు తగులుతుందండీ ఆ దోషం."

ఇంకో ఇద్దరు ముగ్గురు ఆవిడకి వంత పాడారు. ఫణీంద్ర ఇంటిదగ్గర తాను చెప్పిన మాట ఒకసారి తలుచుకున్నట్టు కనబడ్డాడు. తర్వాత జట్టు వైపు చూశాడు. ఎటు ఎక్కువమంది ఉంటే అటు తలూపే మనిషి అతను.

"తాతారావుగారూ, మీరు కాస్త ఇక్కడ కూర్చోండి. ఇట్టే వచ్చేస్తాం."

"ఆ గొడుగిచ్చి వెళ్లు. ఎండగా ఉంది."

"జెండా లేకుండా లోపలికెలా వెళ్తానండీ?"

తాతారావు ఒక పొట్టేలు బొమ్మ పక్కన ఎండలో నిలబడిపోయాడు. నేను లోపలికి వెళ్లాను. అక్కడి స్తంభాల మధ్య నేను పుల్లలా ఉన్నాను. ఐదారుగురు చేతులు కలిపినా ఒక స్తంభం చుట్టూ అందవు. పైన రాతి అంచుల కింద పాత రంగులు ఇంకా ఉన్నాయి. వరహాలమ్మ గుమ్మంలోనే చెప్పులు విడిచేసింది. నేల కాలి గెంతుతూ, అయినా తొడుక్కోకుండా, ప్రతి బొమ్మకీ దణ్ణం పెట్టింది. ఈ గుళ్లో దేవుడు వెళ్లిపోయి చాలా కాలమైందని హనాన్ చెప్పింది. వరహాలమ్మ వినలేదు. బయట నిలబెట్టిన మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడేదాన్ని, నోరుంటే.

నైలు ఏరు దాటి అవతలి గట్టుకి వచ్చాం. దారిలో పొలాల అంచున రెండు పెద్ద రాతి రాజులు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, ముఖాలు చెక్కుకుపోయి. బస్సు ఆపలేదు. రాజుల లోయకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కొండలన్నీ కాల్చిన ఇటికల్లా ఉన్నాయి. కొండల కడుపులోకి తవ్విన సమాధులివి అని హనాన్ చెప్పగానే జట్టు మొత్తం నీడ పందిరి కింద చతికిలబడింది.

"మళ్లీ శవాలేనా?" అంది వరహాలమ్మ.

"ఒకటో రెండో తప్ప లేవండి. లోపల బొమ్మలు బాగుంటాయట."

"శవం ఉన్న ఇల్లు శవం ఉన్న ఇల్లే. గదులు ఖాళీ చేయించావు. స్నానం ఎక్కడ చేస్తాం, నీ నెత్తి మీదా?"

ఎవరూ లేవలేదు. తాతారావు లేచాడు.

"నాకు కొత్తగా అంటుకునే మైలేముంది? పద పంతులుగారూ."

ఒంటరిగా పంపకూడదు కాబట్టి ఫణీంద్ర లేచాడు. హనాన్ ముందు నడిచింది. అలవాటు కొద్దీ ఫణీంద్ర నన్ను నెత్తిపైకి ఎత్తాడు, పసుపు గుడ్డ గాలికి ఊగేలా. కొంతదూరం పోయాక తాతారావు ఆగాడు.

"ఎవరి కోసం ఎత్తావు?"

ఫణీంద్ర వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"ఇప్పుడు తప్పిపోయేవాళ్లు లేరుగా. తెరువు."

"తీగ బిగించి ఉందండీ. విప్పితే మళ్లీ..."

"ఇటియ్యి."

ఫణీంద్ర ఇచ్చాడు. ఇవ్వకపోవడానికి అతని దగ్గర ఇంక కారణం లేదు. తాతారావు తీగని గోళ్లతో, పళ్లతో విప్పాడు. పసుపు గుడ్డ ఊడదీసి ఫణీంద్ర చేతిలో పెట్టాడు. నన్ను ఎండలోకి ఎత్తి, తుప్పు పట్టిన కడ్డీ మీద బొటనవేళ్లు ఆనించి నెట్టాడు. నేను మొరాయించాను. కావాలని కాదు. అతను ఇంకాస్త గట్టిగా నెట్టాడు. తెరుచుకున్నాను.

అటక మీద ఎలుక నా మడతల్లో పిల్లల్ని పెట్టింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. మడతలో కొరికిన చోట తెరిస్తే దాదాపు ప్రతి గుడ్డ ముక్కలోనూ ఒక చిల్లు. తాతారావు ముఖం మీద, చొక్కా మీద, చుట్టూ ఇసుక మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడింది. ఆయన తలెత్తి చూశాడు.

"అందుకేనండీ నేను తెరవలేదు," అన్నాడు ఫణీంద్ర. అబద్ధం. అతనికి తెలియదు.

తాతారావు అతని వైపు చూడలేదు. పిడి పట్టుకుని నన్ను మెల్లగా తిప్పాడు. ఒక్క ముక్క బాగుంది. ఎలుక దాని జోలికి పోలేదు. ఆ ముక్క నీడ తన మీద పడింది. ఆయన ఇంకొంచెం తిప్పాడు. నీడ జరిగి ఆయన ఎడమ పక్కకి వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. అలాగే పట్టుకుని నడిచాడు. తాను చిల్లుల కింద ఎండలో, పక్కన నడిచే మనిషికి సరిపడా నీడ. సమాధి గుమ్మం దాకా అలాగే వెళ్లాడు. లోపల గోడల మీద పోయినవాళ్లు దాటే దారంతా బొమ్మలుగా వేసి ఉందని, చూడమని హనాన్ పిలిచింది.

"దారి నాకొద్దమ్మా," అని చేత్తో సైగ చేశాడు. వెనక్కి తిరిగాడు. మళ్లీ అలాగే నడిచాడు.

పందిరి కిందనుంచి వరహాలమ్మ చూసింది. "అన్నయ్యగారూ, గొడుగు పక్కకి పట్టారు. మీ మీద ఎండ పడుతోంది." ఆయన అలాగే నడిచాడు. ఆవిడ మళ్లీ ఏదో అనబోయి, ఆయన పక్కనున్న నీడ చూసి, నోరు మూసుకుంది. ఆ ప్రయాణంలో ఆవిడ చేసిన మంచి పని అదొక్కటే.

ఫణీంద్ర టైము చూసుకున్నాడు. "ఇంక ముయ్యండి. బస్సెక్కాలి."

అక్కడ ఒక సమాధి గుమ్మం బయట కాపలావాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తలకి గుడ్డ చుట్టుకుని. తాతారావు అతని కుర్చీ పక్కనున్న ఎత్తు దిబ్బ మీద ఇసుకలో గొయ్యి తవ్వి నా పిడి పాతాడు. చుట్టూ రాళ్లు పేర్చాడు. తర్వాత ఇంకో రాయి తీసుకుని, కడ్డీ మీద నన్ను మూసే గొట్టాన్ని కొట్టాడు. గొట్టం నొక్కుకుపోయి కడ్డీకి అతుక్కుపోయింది. నాకు నొప్పి తెలిసింది. ఆయన ఆగలేదు. అది ఇంక కిందికి జారదని తెలిసేదాకా కొట్టాడు.

"పాడుచేశారు," అన్నాడు ఫణీంద్ర. "అది మా బావగారికి ఇచ్చిన దానం. మీది కాదు."

"నాదని ఎవడన్నాడు? ఆవిడది."

"ఇప్పుడు నేను జెండాకి ఏం పట్టుకోవాలి?"

"చెయ్యి ఎత్తు."

తాతారావు రాయి పారేసి, చేతులు దులుపుకుని బస్సు వైపు వెళ్లాడు. వెనక్కి చూడలేదు. ఫణీంద్ర పసుపు గుడ్డ వేళ్లకి చుట్టుకుని చెయ్యెత్తి పిలిచాడు. జనం ఆ చెయ్యి వెనకే వెళ్లారు. ఒక్కరు కూడా తప్పిపోలేదు. ఇన్నాళ్లూ నన్ను మూసి మోసింది ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

నేను ఇక్కడే ఉండిపోయాను. హనాన్ కొత్త జట్లతో వస్తూ ఉంటుంది. నన్ను చూసి ఒక క్షణం ఆగుతుంది, వాళ్లకి మాత్రం ఏమీ చెప్పదు. ఇక్కడ వాన రాదు. గాలి వచ్చినప్పుడు చిల్లులు పెరుగుతున్నాయి. బాగున్న ముక్క ఇంకా బాగానే ఉంది. తాతారావు దాన్ని ఎటు తిప్పి పాతాడో అటే ఉంది, దాని నీడ కుర్చీ మీద కాదు, పక్కన ఖాళీ ఇసుక మీద పడుతుంది. కాపలావాడు చిల్లుల కింద కళ్లు చికిలించుకుని కూర్చుంటాడు. చెయ్యి చాచి నీళ్ల సీసా మాత్రం ఆ నీడలో పెట్టుకుంటాడు.